ముగ్గురికి సరిపడా పాయింట్లు

పారగోల్డ్, ఆర్కన్సా
ఫిబ్రవరి 21, 1999, ఆదివారం

ఓర్ఫా అక్కకు,

నీ పుట్టినరోజు వెళ్ళి తొమ్మిది రోజులైంది. కార్డు కొన్నాను. డ్రాయర్‌లోనే ఉంది, స్టాంపు అంటించలేదు. ఈ మధ్య ఏ పనీ చివరిదాకా చెయ్యలేకపోతున్నాను. గిన్నెలు సగం తోమి బట్టల దగ్గరికి పోతాను, బట్టలు నీళ్ళలో వదిలేసి వాకిట్లోకి వస్తాను, అక్కణ్ణుంచి ఉత్తరాల పెట్టె దాకా నడుస్తాను. ఆదివారం ఉత్తరాలు రావని పెట్టె తెరిచాక గుర్తొస్తుంది.

ఫోన్ చెయ్యమంటావు. నువ్వు "నెల్డా" అనగానే నేను ఏడుపు మొదలుపెడతాను. నిమిషానికింతని డబ్బు కడుతూ ఏడవడమెందుకు. కాగితం మీదైతే ఏడ్చి, మొహం కడుక్కుని, మళ్ళీ రాసుకోవచ్చు. ఏడో తరగతి చదువుతో వచ్చినంత రాస్తాను, నువ్వు సర్దుకో.

మీ ఊరి నుంచి మాకో కార్డు వచ్చింది. నువ్వు గదులు శుభ్రం చేసే సైకమోర్ కోవ్ రిసార్టు వాళ్ళదే. చెరువు పక్కన రెండు రాత్రులు ఉచితం, పాటల కచేరీకి రెండు టికెట్లు ఉచితం, పొద్దున టిఫిను కూడా. బదులుగా గంటన్నర కూర్చుని వాళ్ళు చెప్పేది వినాలట. భార్యాభర్తలిద్దరూ రావాలి, ఒక్కరొస్తే చెల్లదని లావు అక్షరాలతో ఉంది. మా పేర్లు వాళ్ళకెలా తెలిశాయో. నేను పారేయబోతే హాలిస్ చెత్తబుట్టలోంచి తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు.

అక్కా, మీ మరిది తనంతట తాను ఒక వస్తువు మీద చెయ్యి వేసి "ఇది ఉండనీ" అనడం వేడ్ పోయాక ఇదే మొదటిసారి. అందుకే నేను కాదనలేదు.

బ్యాంకులో ఆ పంతొమ్మిది వేలు అలాగే ఉన్నాయి. హాలిస్ పనిచేసే పొలం యజమాని టిల్మన్ గారి బీమా వాళ్ళు ఇచ్చినవి. నా పద్దెనిమిదేళ్ళ కొడుకు వడ్ల గాదెలో మునిగిపోతే దానికి వాళ్ళు కట్టిన ఖరీదు. ఆ కాగితం నెలనెలా వస్తుంది, చిల్లర వడ్డీ కలిపి. దాన్ని విప్పేది నేను, చూడకుండా లోపలికి పోయేది ఆయన. మొన్న రాత్రి భోజనాల దగ్గర కార్డు కేసి చూస్తూ, "ఆ డబ్బు ఇక్కడ లేకపోతే బాగుండు" అన్నాడు.

పాయింట్లంటారు, అవి కొనుక్కుంటే ఏటా ఎక్కడికైనా పోవచ్చంటారు. నువ్వు లోపలి మనిషివి. ఇది మంచిదా చెడ్డదా, ఉన్నదున్నట్టు రాయి.

నీ చెల్లెలు
నెల్డా


బ్రాన్సన్, మిస్సోరి
మార్చి 1, 1999

నెల్డా,

పుట్టినరోజు కార్డు వచ్చే ఏడాదికి దాచు. యాభై తొమ్మిది అని కొట్టేసి అరవై అని రాసుకుంటే సరిపోతుంది, నాకూ ఒక ఏడాది మిగిలినట్టుంటుంది.

ఉన్నదున్నట్టు రాయమన్నావు కదా. ఈ చోట పదకొండేళ్ళుగా పక్కలు మారుస్తున్నాను. నేను చూసింది ఇది.

పూర్వం వారాలు అమ్మేవాళ్ళు. జూలై రెండో వారం నీది, అంతే. ఇప్పుడు పాయింట్లు. నీకు ఇన్ని పాయింట్లని ఇస్తారు. జూలైలో వారం ఉండాలంటే అవన్నీ ఖర్చు, నవంబరులో అయితే సగమే. ఏ గదికి ఎన్ని పాయింట్లో నిర్ణయించేది వాళ్ళు. ఎప్పుడైనా పెంచుకోవచ్చు. నీ పాయింట్లు మాత్రం పెరగవు. పైగా ఏటా నిర్వహణ ఖర్చని ఒక బిల్లు వస్తుంది. నువ్వొచ్చినా రాకపోయినా కట్టాలి. మా ఇళ్ళ పైకప్పులు మారిస్తే ఆ ఖర్చు, ఈతకొలనుకి రంగేస్తే ఆ ఖర్చు. నేను చేరినప్పుడు ఏడాదికి రెండొందల పది ఉండేది, ఇప్పుడు నాలుగొందల ఎనభై.

కొన్నది అమ్ముకోలేవు. కావాలంటే మా ఉద్యోగుల గోడ మీద ఎవరో అంటించిన చీటీ చూడు, "ఉచితంగా ఇస్తాను, ఎవరైనా తీసుకోండి" అని. రెండేళ్ళుగా అక్కడే ఉంది. నీ తరవాత అది నీ పిల్లల మెడకి చుట్టుకుంటుంది.

ఏం రాశానో రాశాక చూసుకున్నాను. కొట్టేస్తే ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది, అందుకని వదిలేశాను. తిట్టుకో.

కానీ అందరూ ఏడుస్తూ పోతారని కూడా చెప్పలేను. నాలుగో నంబరులో ప్రూయిట్ అని ఒకావిడ ఉంది. ఏటా నవంబరులో మనవళ్ళని తెచ్చుకుంటుంది, చలికి నీళ్ళలో కాలు పెట్టలేరు, అయినా వాళ్ళ నవ్వులు వరండా దాకా వినబడతాయి. ఆవిడకి గిట్టుబాటైనట్టే. ఏటా కచ్చితంగా వచ్చేవాళ్ళకి, చేతిలో డబ్బు పెట్టి కొన్నవాళ్ళకి, వెంట తెచ్చుకునే మనుషులున్నవాళ్ళకి గిట్టుబాటు. వాయిదాల్లో కొన్నవాళ్ళ సంగతి నేను రాయను.

కాబట్టి రండి. రెండు రాత్రులు పడుకోండి, టిఫిను తినండి, పాటలు వినండి, గంటన్నర తల ఊపండి. ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. నిన్ను చూసి పద్నాలుగు నెలలైంది.

ఓర్ఫా


పారగోల్డ్
మార్చి 28, 1999

అక్కా,

నీ ఉత్తరం హాలిస్‌కి చదివి వినిపించాను, పిల్లల మెడ అన్న చోటు వదిలేసి. అంతా విని లేచి వెళ్ళి, విత్తనాల కొట్టు వాళ్ళ క్యాలెండరు వెనక పెన్సిలుతో లెక్కలు వేశాడు. పదేళ్ళకి ఎంత, ఇరవై ఏళ్ళకి ఎంత, అదే డబ్బుకి మోటెల్‌లో ఉంటే ఎన్ని రాత్రులు. మోటెలే చవక అని తేలింది. ఆ మాట తనే చెప్పాడు. చెప్పి క్యాలెండరు తిప్పి మళ్ళీ మేకుకి తగిలించి, "అయినా మోటెల్‌కి మనం పోం కదా" అన్నాడు.

నిజమే. పెళ్ళైన ఇరవై నాలుగేళ్ళలో మేము ఊరు దాటి పడుకున్నవి మూడు రాత్రులు, అవీ చావులకే. ముందే డబ్బు కట్టేస్తే, పోకపోతే నష్టమని తెలిస్తే, అప్పుడు పోతామేమో. మమ్మల్ని ఎవరో మెడపట్టి బయటికి నెట్టాలి. ఈ ఖర్చు ఆ నెట్టేది అనుకుంటే ఎలా ఉంటుందంటావు.

నీకు ఈ ఇల్లు ఎలా ఉందో తెలీదు. మేం పోట్లాడుకోం. అదే నాకు భయం. ఆయన పని నుంచి వస్తాడు, నేను వడ్డిస్తాను, టీవీ పెడతాడు, నేను లేచి నడుస్తాను. వంటింట్లోంచి వసారాకి, వసారా నుంచి వంటింట్లోకి. బడి వంటగదిలో మూడొందల మంది పిల్లలకి వడ్డించి వచ్చినా కాళ్ళు ఆగవు. వాడి పేరు ఆయన పలకడు. నేను పలికితే లేచిపోతాడు. అందుకని నేనూ మానేశాను. వాడి గది తలుపు ముందు నుంచి ఇద్దరం అద్దె ఇంట్లో మనుషుల్లా పక్కకి తప్పుకుని పోతుంటాం.

ఆ రోజు గాదె దగ్గర ఏం జరిగిందో నేనెప్పుడూ ఆయన్ని అడగలేదు. వడ్లు పైన గడ్డకట్టాయి, కింద వడ్లని లాగే మర తిరుగుతోంది, వేడ్ పొడవాటి కర్రతో లోపలికి దిగాడు. షెరీఫ్ చెప్పింది అంతే. అది చాలు.

ఆ పంతొమ్మిది వేలు చెరువు పక్కన ఖర్చు చెయ్యడం పాపమా. పాపమని ఒక రోజు అనిపిస్తుంది. వాడి ఒంటి ఖరీదు పెట్టి మెత్తటి పరుపు మీద పడుకోవడమేమిటని. ఇంకో రోజు, ఊరికే బ్యాంకులో పిల్లలు పెడుతూ ఉండడమే పెద్ద పాపమనిపిస్తుంది.

మే పద్నాలుగున వస్తున్నాం. కార్డు వెనక ఇద్దరం సంతకం చేసి పంపేశాం.

నెల్డా


బ్రాన్సన్
ఏప్రిల్ 6, 1999

నెల్డా,

మెడపట్టి నెట్టడానికి అన్ని వేలెందుకు, నేనొచ్చి ఉచితంగా నెడతాను.

ఒక మాట ముందే చెప్పు హాలిస్‌కి. అక్కడ నేను మీకు తెలిసినదాన్నని చూపించుకోకండి. శుభ్రం చేసేవాళ్ళు అతిథులతో అమ్మకం సంగతి మాట్లాడకూడదని మాకు నియమం, మాట్లాడితే ఆ పూటే ఇంటికి. మీ పక్కలు నేనే మారుస్తాను, ఆ భవనం నాదే. వరండాలో ఎదురైతే "గుడ్ మార్నింగ్ మేడమ్" అంటాను. నవ్వి చెడగొట్టకు. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం చేసి వెళ్ళండి. చేపలు వేయిస్తాను.

అమ్మేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చాలా బాగా అడుగుతారు. అదే జాగ్రత్త.

ఓర్ఫా


మీ కారు సీటు మీద
మే 16, 1999, ఆదివారం పొద్దున

నెల్డా,

భోజనానికి రామని గదిలో చీటీ పెట్టి పోతున్నారు కాబట్టి ఇది ఇలా ఇవ్వాల్సి వచ్చింది. కారు తలుపుకి తాళం వెయ్యడం మీ ఆయనకి ఇప్పటికీ అలవాటు కాలేదు, మంచిదైంది.

నిన్న మధ్యాహ్నం మూడింటికి మా మేనేజరు నాకు ఒక స్లిప్పు ఇచ్చింది. కొత్తగా కొన్నవాళ్ళ గదిలో ఒక బుట్ట పళ్ళు, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని తెల్ల స్నానపు కోట్లు పెట్టాలి. అది ఇక్కడి పద్ధతి. స్లిప్పు మీద ఇలా ఉంది. స్ట్రౌడ్ కుటుంబం. ముగ్గురు. హాలిస్, నెల్డా, వేడ్. రెండు పడకగదుల పాయింట్లు.

మూడు కోట్లు తగిలించాను. లెక్క చూస్తారు, తగ్గిస్తే నన్ను అడుగుతారు. మూడోదాన్ని తగిలించి గది తలుపు వేసేశాను. నిన్ను ఏమీ అడగను. ఆ మాట నువ్వన్నావా ఆయనన్నాడా అని కూడా అడగను.

చెప్పాల్సింది ఒకటే. మీకిచ్చిన కాగితాల కట్టలో వెనక నుంచి నాలుగో పేజీ, చిన్న అక్షరాలు. సంతకం పెట్టిన ఐదు రోజుల్లోపు ఉత్తరం పంపితే ఒప్పందం రద్దు, డబ్బంతా వెనక్కి. శనివారం పెట్టారు కాబట్టి గురువారం లోపు పోస్టాఫీసు ముద్ర పడాలి. ఫోన్ చేస్తే చెల్లదు. ఒప్పందం నంబరు, రద్దు చేసుకుంటున్నామని ఒక వాక్యం, ఇద్దరి సంతకాలు. కారణం రాయక్కర్లేదు. రసీదు వచ్చే పోస్టులో పంపండి. ఇద్దరూ సంతకం చెయ్యాలి, ఒక్కరు చేస్తే వాళ్ళు పక్కన పడేస్తారు.

ఇంకొకటి. చెప్పకుండా ఉంటే నిద్ర పట్టదు. మీ పేర్లు వాళ్ళకి ఇచ్చింది నేనే. ఉద్యోగులు ఒక జంటని పంపితే యాభై డాలర్లు ఇస్తారు. నా పన్ను పీకించుకోవడానికి కావాల్సి వచ్చింది. నిన్ను చూడొచ్చని కూడా ఇచ్చాను. రెండో కారణమే పెద్దదని ఇప్పుడు చెప్పుకుంటే నువ్వు నమ్మాలని లేదు.

ఓర్ఫా


పారగోల్డ్
మే 21, 1999, శుక్రవారం

ఓర్ఫాకు,

అక్కా అని రాయబోయి ఆగాను. యాభై డాలర్లకి నా కొడుకు డబ్బు దగ్గరికి దారి చూపించావు. మూడు నెలలు నాకు నీతులు రాస్తూ ఆ మాట కడుపులో దాచుకున్నావు. "మా పేర్లు ఎలా తెలిశాయో" అని నేను రాస్తే చదివి కూడా ఊరుకున్నావు. ఇది ఇక్కడ రాసేశాను. ఇక మిగతాది రాస్తాను, ఎందుకంటే చెప్పుకోవడానికి నీకన్నా నాకెవరున్నారు.

ముగ్గురం అన్నది నేను.

ట్రెంట్ అని కుర్రాడు, ముప్పై ఉంటాయి, బూట్లు అద్దంలా ఉన్నాయి. "మిస్ నెల్డా, మిస్టర్ హాలిస్" అంటూ కుర్చీలు లాగి వేశాడు. పాయింట్ల గురించి ఏమీ చెప్పలేదు ముందు. చెరువు మీదికి వస్తే ఎవరెవరు వస్తారు, ఇంట్లో ఎంతమంది అన్నాడు. ముగ్గురం అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. పద్దెనిమిదేళ్ళు బడి కాగితాల మీద, చర్చి కాగితాల మీద రాసిన సంఖ్య అదే కదా. సరిదిద్దుకుందామనే లోపు, అబ్బాయా అమ్మాయా అన్నాడు. అబ్బాయి, వేడ్, ఇరవై వచ్చాయి అన్నాను. హాలిస్ వైపు చూడలేదు. ఇప్పుడు లేచి వెళ్ళిపోతాడనుకున్నాను.

ట్రెంట్ ఆయన్ని అడిగాడు, "చేపలు పడతాడా సార్?"

"పడతాడు," అన్నాడు హాలిస్. "ఎర గుచ్చడం మాత్రం వాడికి అసహ్యం. ఇప్పటికీ నేనే గుచ్చాలి."

ఇప్పటికీ అన్నాడక్కా.

తరవాత ఇద్దరం ఆగలేదు. వాడు మొక్కజొన్న రొట్టె పాలలో ముంచుకు తింటాడని నేను. వాడికి పొద్దున్నే లేవడం రాదని ఆయన. కాళ్ళు పొడుగు, మంచం చివర బయటికొస్తాయని నేను. నవ్వాం. ఆ కుర్రాడూ నవ్వాడు. గంటన్నర అన్నది రెండున్నర గంటలైంది. వేడ్ బతికే ఉన్నాడని నమ్మే మనిషి ప్రపంచంలో ఒకడు దొరికాడు, వాడి ముందు నుంచి లేవబుద్ధి కాలేదు. కాళ్ళు పొడుగు కాబట్టి అబ్బాయికి వేరే గది ఉండాలి కదా, రెండు పడకగదుల పాయింట్లైతే హాయిగా సరిపోతాయన్నాడు. పదకొండు వేల తొమ్మిదొందలు కాస్తా పదహారు వేల ఎనిమిదొందలైంది. మా ఇద్దరిలో ఎవరమూ ఇద్దరికి చాలు అనలేదు. అంటే చెప్పాల్సి వస్తుంది. ఆయన చెక్కు రాశాడు, ఇద్దరం సంతకాలు పెట్టాం. మా తరవాత హక్కుదారు అన్న చోట ట్రెంటే వాడి పేరు రాశాడు, చక్కటి దస్తూరీతో.

గదికి వెళితే మూడు కోట్లు తగిలించి ఉన్నాయి. అవి చూసి హాలిస్ మంచం మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచి మూడోది తీసి, మడతపెట్టి, కుర్చీలో పెట్టాడు. పాటలకి పోలేదు. నీ ఇంటికి రాలేకపోయింది అందుకే. నీ మొహం చూస్తే నాకు ఇద్దరమేనని గుర్తొస్తుంది.

నీ చీటీ కార్లో చదివాను. ఏంటది అంటే, అక్క అన్నాను. నాలుగు గంటల దారి, మాట లేదు. సోమవారం లేదు, మంగళవారం లేదు. నీ మీద కోపంతో నేను వంటగది నేల రెండుసార్లు కడిగాను. రద్దు చెయ్యకూడదని అనుకున్నాను కూడా. నవ్వకు. ఆ రెండున్నర గంటలకి పదహారు వేలు ఎక్కువేం కాదనిపించింది. ఏటా అక్కడికి పోతే, ఏటా ఎవడో ఒక కుర్రాడు అబ్బాయి ఎలా ఉన్నాడని అడుగుతాడు. ఇరవై ఒకటి వచ్చాయంటాను. పెళ్ళి చేశామంటాను. దానికి ఏడాదికి నాలుగొందల ఎనభై.

బుధవారం రాత్రి భోజనం దగ్గర నీ చీటీ ఆయన పళ్ళెం పక్కన పెట్టాను. ఎందుకు పెట్టానో తెలీదు. పెట్టకపోతే మర్నాటితో గడువు పోతుంది, అప్పుడు అది మేము చేసినదవుతుంది, ఊరికే జరిగినది కాదు. అది తట్టుకోలేననిపించింది.

చదివి చీటీని తిరగేసి పెట్టాడు.

"ముగ్గురం అని ఎందుకన్నావ్?"

"నువ్వెందుకు కాదనలేదు?"

"చేపల సంగతి అడిగాడు కదా," అన్నాడు. "వాడి సంగతి నన్ను ఎవరూ అడగరు, నెల్డా. అందరూ నిన్నే అడుగుతారు. నా దగ్గరికొచ్చేసరికి వాన గురించి మాట్లాడతారు."

ఆయన ఫోర్కుని పళ్ళెం అంచుకి సరిగ్గా పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"లోపలికి దిగమన్నది నేనే."

"తెలుసు."

తలెత్తాడు. "ఎప్పట్నుంచి?"

"అంత్యక్రియల మర్నాడు. టిల్మన్ గారి భార్య పూలు పట్టుకొచ్చి చెప్పింది. నీకు తెలుసు కదా అనుకుని చెప్పింది."

అక్కా, నీకు కూడా ఇది రాయలేదు నేను. నేనడగలేదు అని రాశాను మార్చిలో. అడగని మాట నిజమే. తెలుసునన్న మాట దాచాను. నువ్వు యాభై డాలర్లు దాచావు, నేను ఇది దాచాను. నీ మీద కోపం అక్కడికి కొంత తగ్గించుకున్నాను.

"ఇరవై నెలలు," అన్నాడు ఆయన. "తెలిసీ నాకు వండి పెట్టావా?"

"పెట్టాను. కొన్నాళ్ళు కావాలనే మాడ్చి పెట్టాను. నువ్వు చూసుకోలేదు."

"చూశాను," అన్నాడు. "తిన్నాను."

అప్పుడు ఏడ్చాడు. వాళ్ళ నాన్న పోయినప్పుడు ఏడవని మనిషి, వేడ్‌ని మట్టిలో దించుతుంటే టోపీ పట్టుకుని నిలబడ్డ మనిషి. నేను లేచి వెళ్ళి పట్టుకున్నానని రాస్తే బాగుంటుంది. లేవలేదు. నా కాళ్ళు ఆ ఒక్క రాత్రి కదల్లేదు. ఆయనతో పాటు కూర్చున్నాను.

ఉత్తరం రాయడం నా వంతైంది. మొదటిది రెండు పేజీలైంది. అయ్యా, మేము మీ కుర్రాడికి అబద్ధం చెప్పాం, మా అబ్బాయి లేడు, తొంభై ఏడు సెప్టెంబరులో పోయాడు, మాకు రెండు పడకగదులు అక్కర్లేదు, ఆ కుర్రాడి తప్పేమీ లేదు, అని మొదలుపెట్టి, ఇంకా ఎక్కడెక్కడికో పోయింది. గాదె గురించి కూడా రాసేశాను. హాలిస్ పక్కన నిలబడి చదివాడు. "ఇది వాళ్ళకి అక్కర్లేదు," అన్నాడు. మడతపెట్టి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రెండోది నువ్వు చెప్పినట్టే మూడు వరుసలు రాశాను. ఆయన సంతకం పెట్టాడు, కింద నేను.

గురువారం బడికి సెలవు పెట్టాను. ఆయన పనికి పోలేదు. ఇద్దరం పోస్టాఫీసుకి పోయాం. కౌంటరు దగ్గర కూర్చునే జునీటా కవరు తిప్పి చూసి, ఒక ఉత్తరం పోస్టు చెయ్యడానికి మొగుడూ పెళ్ళామూ కలిసి రావాలా, గర్ల్‌ఫ్రెండుకి రాశాడా ఏంటి అంది. హాలిస్ సమాధానమిచ్చాడు, "లేదు జునీటా, ఇద్దరం కలిసి ఒక పొరపాటు చేశాం." ముద్ర సరిగ్గా పడిందా లేదా అని నేను రెండుసార్లు అడిగి చూపించుకున్నాను. మే ఇరవై, స్పష్టంగా ఉంది.

మంచి పని చేశామనిపించడం లేదు. వాడి పేరున్న కాగితాన్ని రద్దు చేశాం. వాణ్ణే రెండోసారి మట్టిలో దించినట్టుంది. ఇప్పుడు కూడా లేచి నడవాలనిపిస్తోంది. లేస్తున్నాను.

నెల్డా


బ్రాన్సన్
జూన్ 9, 1999

నెల్డా,

అక్కా అని రాయలేదు, మధ్యలో మర్చిపోయి అన్నావు. లెక్కపెట్టుకున్నాను, రెండుసార్లు.

మీరు రద్దు చేసుకున్నారని నా జీతంలోంచి ఆ యాభై కోసేశారు. పదకొండేళ్ళలో వాళ్ళు కోసిన కోతల్లో నాకు ఇష్టమైనది ఇదొక్కటే. పన్ను అయితే పోయింది, ఆ సందులోంచి ఇప్పుడు ఈల వస్తోంది.

నిన్ను క్షమించమని అడగను. ముందే చెప్పి ఉంటే నువ్వు వచ్చేదానివి కాదు. నాకేమో నిన్ను చూడాలని ఉండింది. వరండాలో నీతో "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నప్పుడు నీ మొహం చూసి, ఇంత చిక్కిపోయిందేమిటని బట్టల గదిలోకి పోయి దుప్పట్ల మీద ఏడ్చాను. వచ్చి చూడాల్సింది నేను. బస్సుంది, కాళ్ళున్నాయి, మీ ఇంటికి రావడానికి భయపడి మిమ్మల్ని ఇక్కడికి రప్పించాను. అదీ అసలు సంగతి.

రద్దు చేసింది వాణ్ణి కాదు. నీకిప్పుడది వినబడదు, అయినా రాస్తున్నాను. హాలిస్ దిగమన్న సంగతి నాకు తెలీదు. తెలిసుంటే ఆయనతో ఇంకోలా మాట్లాడేదాన్నా అంటే, ఏమో. బహుశా వాన గురించే మాట్లాడేదాన్ని. ఆయనకి చెప్పు, వేడ్ మా ఇంటికొచ్చినప్పుడల్లా నాతో కూడా ఎర గుచ్చించుకునేవాడని. ఒక్కడే భరించాడనుకుంటున్నాడేమో.

డబ్బు నలభై రోజుల్లో రావాలి. రాకపోతే నాకు రాయి, మా ఆఫీసు మెట్ల మీద కూర్చుంటాను.

ఓర్ఫా


పారగోల్డ్
అక్టోబరు 17, 1999, ఆదివారం

అక్కా,

చాలా రోజులైంది, నా మీద కోపం పెట్టుకోకు. డబ్బు జూన్ ఆఖరికే వచ్చింది. చెక్కు ఇద్దరి పేరు మీద. ఇద్దరం వెళ్ళి వెనక సంతకాలు చేశాం. పంతొమ్మిది వేలూ మళ్ళీ అదే ఖాతాలో కూర్చున్నాయి.

ఎర సంగతి ఆయనకి చెప్పాను. నమ్మలేదు. "ఓర్ఫాకి పురుగులంటే నాకన్నా భయం" అన్నాడు. నిజం చెప్పు, గుచ్చావా లేదా.

ఈ కోతలకి ఆయన టిల్మన్ దగ్గరికి పోలేదు. కలప కొట్టులో చేరాడు, గంటకి డాలరు తక్కువ. ఆ గాదె ఉన్న రోడ్డు మీదుగా పోకుండా చుట్టు తిరిగి పోతాడు. అడిగితే చెప్పాడు. ఇంకోసారి అడక్కుండా తనే చెప్పాడు కూడా.

నా కాళ్ళు ఇంకా ఆగవు. సెప్టెంబరంతా అలాగే నడిచాను. మధ్యలో ఆయన వచ్చి పక్కన నడుస్తాడు కొన్నిసార్లు, ఉత్తరాల పెట్టె దాకా. ఒక్కోసారి విసుగొచ్చి, నన్ను వదిలెయ్యి అంటాను. వదిలేస్తాడు.

అసలు రాయాలనుకున్నది ఇది. నిన్న మేం పోట్లాడుకున్నాం. మామూలుగా కాదు, పక్కింటి కుక్క మొరిగేంత గట్టిగా. సెయింట్ ఫ్రాన్సిస్ నది ఒడ్డున ఒక ముసలాయన పాత అల్యూమినియం పడవ అమ్ముతున్నాడు, మోటారుతో సహా. హాలిస్ అది కొంటానన్నాడు, ఆ డబ్బుతోనే. వంటింటి పక్క గది కప్పు కారుతోంది, ముందు కప్పు వేయించమన్నాను నేను, ఆ డబ్బుతోనే. వేడ్ అయితే పడవే అనేవాడన్నాడు. వేడ్ పడుకునే గదిలోనే కదా కారేది, బకెట్టు పెట్టుకుని పడుకున్నది వాడు కదా, వాడు కప్పే అనేవాడన్నాను. వేడ్‌కి ఆ బకెట్టు చప్పుడు ఇష్టమన్నాడు. వేడ్ నీతో ఇష్టమని చెప్పి ఉంటాడు, నాతో ఇంకోటి చెప్పాడన్నాను. వాడు నీకు అబద్ధం చెప్పాడు, లేదు నీకు చెప్పాడు, ఇలా గంటసేపు. ఆయన తలుపు దబాలున వేసి వసారాలోకి పోయాడు. వేడ్ కూడా ఇలాగే తలుపులు వేసేవాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో తెలుస్తూనే ఉందని నేను లోపలి నుంచి అరిచాను.

అరిచి సింకు పట్టుకుని నిలబడ్డాను. ఆ పేరు ఈ ఇంట్లో ఎన్నిసార్లు వినబడిందో అప్పుడు తెలిసింది. గోడలకి పట్టినట్టుంది.

ఇంకా తేలలేదు. పొద్దున కాఫీ దగ్గర మళ్ళీ మొదలుపెట్టాడు. పడవా కప్పా అన్నదాని మీద నీ అభిప్రాయం నువ్వు రాయొద్దు. నువ్వు రాస్తే తేలిపోతుంది. కొన్నాళ్ళు మాకే ఉండనీ.

నీ చెల్లెలు
నెల్డా